వంటింటి లంక: టీకాతాత్పర్య సహితం

అవతారిక

ఏలూరు పవర్‌పేటలో ఒక పాత ఇంటికి మరమ్మతులు మొదలయ్యాయి. వంటిల్లు వెడల్పు 8 అడుగులు, పొడవు 10. ఫోనులో చూసిన వంటిళ్ళలో మాదిరిగా గది నడుమ ఐలాండ్ కట్టాలని కోడలి సంకల్పం. మేస్త్రీ సుద్దముక్కతో నేలమీద గీత గీశాడు. ఆ గీతను చూసి అత్తగారు ఆశువుగా పలికిన పద్యమిది. కాళిదాసుకు మల్లినాథసూరి ఉన్నాడు. అత్తగార్లకు వ్యాఖ్యాతలు కరువు. ఆ లోటు తీర్చడమే ఈ టీకకు ప్రయోజనం.

తే. చిన్న వంటింటి నడుమను చేర్చి లంక
తిరుగ దారేది కోడలా తెలుపుమమ్మ
నీరు పారిన కొల్లేరు నిలుచుఁ గాని
గట్టు కట్టిన వంటిల్లు కదలగలదె?

ప్రతిపదార్థం

చిన్న వంటింటి = పైన చెప్పిన కొలతలు గల వంటగది యొక్క; నడుమను = మధ్యన, అనగా అత్తగారు కత్తిపీట వేసుకుని కూర్చునే చోట అని గ్రహించాలి; లంక = నాలుగు పక్కలా ఖాళీ గల గ్రానైటు గట్టును; చేర్చి = కట్టించి (డబ్బు కొడుకుది; కవయిత్రి మర్యాదకొద్దీ ఆ మాట ఎత్తలేదు); తిరుగన్ = పొయ్యి నుంచి సింకుకు, సింకు నుంచి ఫ్రిజ్‌కు మసలడానికి; దారి ఏది = త్రోవ ఎక్కడ? లేదని అర్థం; కోడలా = ఓ కోడలు పిల్లా; తెలుపుము అమ్మ = చెప్పు తల్లీ (ఇక్కడి ‘అమ్మ’ వాత్సల్యమని అత్తగారి పక్షం, యుద్ధభేరి అని కోడలి పక్షం); నీరు పారిన = వచ్చిన నీరు వచ్చినట్టు సాగితే; కొల్లేరు నిలుచున్ = సరస్సు బతుకుతుంది; కాని = అట్లుగాక; గట్టు కట్టిన = అడ్డం కడితే; వంటిల్లు కదలగలదె = వంటింట్లో పని సాగుతుందా? సాగదు.

పాఠాంతరం

తాడేపల్లిగూడెం ప్రతిలో రెండో పాదం ‘అల్లుడా తెలుపుమయ్య’ అని ఉన్నది. ఆ ఊరి టోకు ఉల్లిపాయల మార్కెట్ నుంచి బస్తా ఎత్తించుకొచ్చేవాడు అల్లుడే గనుక, బస్తా దించే చోటు పోయిందని ఆయననే అడగాలని అక్కడివారి వాదం. గణాలు సరిపోయాయి, యతి చెడలేదు. కాని గోదావరి జిల్లాల్లో అత్తగారు అల్లుణ్ణి ‘నువ్వు’ అని నిలదీయడం ఆచారవిరుద్ధం. కావున ఈ పాఠం త్యాజ్యం.

తాత్పర్యం

గదిలో పని చేసేది బండ కాదు, బండ చుట్టూ ఉన్న ఖాళీ. ఆ ఖాళీ కొలవకుండా బండ కొనరాదు.

విశేషాంశాలు

కొల్లేటి ఉపమానం పొరుగున ఉన్నది కదా అని తెచ్చింది కాదు. ఆ సరస్సుకు బుడమేరు, తమ్మిలేరు వంటివి నీరు తెస్తాయి. ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది. నడుమ లంకలున్నాయి, లంకల్లో ఊళ్ళున్నాయి, కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ ఉన్నది. తాటిదోనెల మీద తిరిగినవారికి చుట్టూ ఉన్న నీరే దారి. లంకల వల్ల కొల్లేటికి ఏనాడూ కీడు లేదు. కీడు తర్వాత లేచిన చేపల చెరువుల గట్లతో వచ్చింది. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాకెక్కింది, 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట గట్లు కొట్టించారు. నేటికీ పెదఎడ్లగాడి వంతెన దగ్గర గుర్రపుడెక్క పేరుకుంటే పై లంకల్లో నీరు ఎక్కుతుంది. వంటింటి ఎడ్లగాడి ఫ్రిజ్‌కూ లంకకూ నడుమ సందు.

ఇక లెక్క. గోడవారన గట్టు 2 అడుగులు, లంక 2 అడుగులు పోగా ఎనిమిదిలో మిగిలేవి 4. అటు రెండు, ఇటు రెండు. ఫ్రిజ్ తలుపు తీస్తే అటువైపు రెండడుగులూ నిండుతాయి. అమెరికాలోని నేషనల్ కిచెన్ అండ్ బాత్ అసోసియేషన్ సూత్రం ప్రకారం ఒకరు వండే చోట పనిదారి 42 అంగుళాలు, ఒకరికి మించి వండితే 48, ఊరికే నడిచే దారికి 36 ఉండాలి. గట్టు, పనిదారి, లంక, నడకదారి కలిపితే 126 అంగుళాలు, అంటే పదిన్నర అడుగులు. ఇది ఒక్కరు వండే ఇంటి లెక్క. పండగనాడు ఏలూరు వంటింట్లో ఒక్కరే ఉండటం ఎవరూ చూడలేదు.

పూర్వపక్షం: హాలు గోడ తీసేస్తే చోటు వస్తుంది కదా? సమాధానం: పిల్లర్లు లేని పాత ఇళ్ళలో శ్లాబు బరువు మోసేది ఆ గోడే కావచ్చు. ఇంజనీరు చూడనిదే దాని మీద సుత్తి పడరాదు.

పూర్వపక్షం: సింకో పొయ్యో లంక మీదికి మారిస్తే? సమాధానం: సింకుకు నేల తవ్వి గొట్టాలు వేయాలి, వాటికి వాలు ఇవ్వాలి. పొయ్యికి గ్యాసు గొట్టం కింద నుంచి, చిమ్నీ పైకప్పు నుంచి రావాలి. ఇంగువ తిరగమోత ఘాటు మాత్రం చిమ్నీని లెక్కచేయక హాలుకే వస్తుంది.

పూర్వపక్షం: కూరలు తరగడానికి, పిల్లల హోంవర్కుకు బల్ల అక్కర్లేదా? సమాధానం: అక్కరే. చక్రాల బల్ల చేయించుకోవచ్చు, పని కాగానే పక్కకు తోయవచ్చు. గోడకు మడిచే పలకైనా చాలు. కొరమేను తోమడానికి పెరడు ఎలాగూ ఉంది.

ఛందస్సు, అలంకారం

తేటగీతి. దీనికి ప్రాసనియమం లేదు. ఇరుకును గూర్చిన పద్యానికి వెసులుబాటున్న ఛందం ఎంచుకోవడం ఔచిత్యం. ‘కాని’తో సరస్సునూ వంటింటినీ ఎదురెదురుగా నిలిపింది గనుక వైధర్మ్య దృష్టాంతం. గట్టు అంటే చెరువుకట్ట, పొయ్యి పెట్టే బండ కూడా. శ్లేష అయాచితంగా దొరికింది.

నిర్ణయం

పదిన్నర అడుగుల వెడల్పు లేని వంటింటికి లంక నిషిద్ధం. ఉన్న వంటింటికి అత్తాకోడళ్ళు ఇద్దరూ ఒప్పుకుంటేనే విహితం. చదువరులు ముందు టేపు పట్టి, గ్రానైటు దుకాణానికి ఆ తర్వాతే వెళ్ళాలి.