దూది మింగిన మౌసు

నేను పుట్టిన దేశమేదో నా పొట్టకు అతికించిన చీటీ చెప్పవలసినదే గాని, ఆ చీటీ నేను నాందేడు చేరిన కొలది కాలమునకే బల్లమీది రాపిడికి అరిగిపోయినది. కనుక జన్మవృత్తాంతమును విడిచి, ఉద్యోగవృత్తాంతమును మాత్రమే విన్నవించెదను. గురు గోవిందసింహుడు 1708లో దేహము చాలించిన పుణ్యక్షేత్రముగా లోకమెరిగిన ఈ గోదావరీతీర పట్టణమునకు, వ్యాపారులలో వేరొక ప్రసిద్ధి గలదు, అది పత్తి. నిజాముల యేలుబడినాటి ఉస్మాన్‌షాహీ మిల్లును, ఈ ఊరి పరిశోధనకేంద్రమున రూపొంది రైతుల నోట నానిన ఎన్.హెచ్.హెచ్.-44 అను సంకర వంగడమును అందుకు సాక్షులు. అట్టి ఊరి శివారున, ఒక జిన్నింగు మిల్లు లెక్కలగదిలో నేను కొలువునకు కుదిరితిని.

నన్ను చేతబట్టినవారు అచ్చట లెక్కలు వ్రాయు మునీంగారు. ధర్మాబాదు వైపు తెలుగువారు. సేఠుతో హిందీయు, హమాలీలతో మరాఠీయు, నాతో మాత్రము, అదియు కోపము వచ్చినప్పుడు, తెలుగును మాటలాడెడివారు.

దసరా దాటిన పిమ్మట పత్తిబండ్లు మిల్లు ముంగిట బారులు తీరును. గింజనుండి దూది వేరుపడునప్పుడు లేచెడి సన్నని నూగు, కిటికీలు మూసినను తలుపుసందుల దూరి, ఖాతాపుస్తకములపైనను, గోడమీది లక్ష్మీదేవి పటముపైనను, నేను తిరుగాడు బల్లపైనను సమానభావముతో వాలుచుండును. నా కడుపులో రబ్బరు పూత పూసిన ఉక్కుగుండు ఒకటి కలదు. నేను కదలినప్పుడెల్ల అది దొరలుచు, దారిలోని నూగును లోపలికి మోసికొనిపోవును. మిల్లులో నూటడెబ్బది కిలోల బేళ్లు ఒక్కొక్కటిగా కట్టబడుచుండగా, నా కడుపులోను ఒక చిన్న బేలు సిద్ధమగుచున్నదని అప్పటికి ఎవరును ఎరుగరు.

ఒకనాటి ఉదయమున తెరమీది బాణము కుడియెడమలకు చక్కగా నడచుచు, క్రిందుమీదులకు మాత్రము మొరాయించినది. మునీంగారు నన్ను గట్టిగా అదిమిరి. పిమ్మట బల్లకేసి కొట్టిరి. యంత్రము మాట విననప్పుడు కొట్టుట మన దేశమున సనాతన చికిత్స. దానివలన నాకు నొప్పి తప్ప గుణము కనబడలేదు. తరువాత మరమ్మతు చేయువాడొకడు వచ్చి, నన్ను తాకకయే, తెరవంక చూచి, “వైరస్ పడింది, ఫార్మాట్ కొట్టాలె” అని తీర్పు చెప్పెను. రోగము నా పొట్టలో నుండగా శస్త్రచికిత్స కంప్యూటరు తలకు జరిగెను. ఖాతాలన్నియు ఫ్లాపీలలోనికి ఎత్తి, విండోసును మరల ఎక్కించి, రుసుము పుచ్చుకొని అతడు వెడలిన వెంటనే బాణము పూర్వమువలెనే కుడియెడమలకు నడచి, క్రిందికి దిగనని భీష్మించుకొని కూర్చుండెను.

సెలవులకు వచ్చిన మునీంగారి మేనల్లుడు ఆ సాయంకాలము నన్ను అటునిటు జరిపి చూచి, “మామా, పక్కకు పోతుంది, కిందికి పోతలేదు. అంటే సగం మంచిగనే ఉన్నట్టు” అనెను. నా జీవితమున నేను వినిన మొదటి వివేకవాక్యమది. వైరసు పట్టిన పక్షమున అది దిక్కులను ఎంచి పట్టునా? అతడు కంప్యూటరును ఆపి, నా ఆకుపచ్చ కొనను ఊడబెరికి, ప్రక్కగదిలోని యంత్రమునకు తగిలించి, అప్పుడు గాని దానిని వెలిగింపలేదు. మా జాతి గుండ్రని కొనకు ఆరు ముళ్లుండును. యంత్రము నడచుచుండగా దానిని పెరికి గుచ్చినచో మరల లేపువరకు మమ్ము గుర్తింపకపోవుట కద్దు, వంకరగా పొడిచినచో ముల్లు వంగుటయు కద్దు. అచ్చటను బాణము క్రిందికి దిగలేదు. దోషము యంత్రమున లేదు, నాయందే యున్నదని తేలినది.

ఒక దిక్కు నడక మాత్రమే చెడుట ఎట్లో తెలియుటకు మా వంశకథ కొంచెము చెప్పవలెను. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనసంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ తలపోయగా, బిల్ ఇంగ్లిష్ 1964 ప్రాంతమున తయారుచేసిన మా మూలపురుషునిది కొయ్యదేహము. పొట్టక్రింద రెండు చక్రములు, ఒకటి నిలువు నడకకు, మరియొకటి అడ్డ నడకకు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో లోకము అతనిని మొదటిసారి సభలో చూచినది. ఆ చక్రములే నా తరమునకు కడుపులోని రెండు సన్నని ఇరుసులైనవి. గుండు దొరలి ఇరుసులను త్రిప్పును. ఇరుసు కొనయందలి చీలికల బిళ్ల, కంటికి కానరాని ఒక వెలుగును తెంపుచు వదలుచు తిరుగును. అవతల రెండు గ్రాహకములలో ఏది ముందు చీకటిపడినదో చూచి నడక ఎటో తేల్చుకొందుము. ఇరుసులు రెండు గనుకనే, ఒకటి చెడినను రెండవది తన పని తాను చేసికొనిపోవును.

మేనల్లుడు నన్ను వెల్లకిల పరుండబెట్టి, మూతమీది బాణపుగుర్తు చూపిన వైపునకు త్రిప్పి, గుండును అరచేతిలో పడవేసికొనెను. దీపము దగ్గరకు తీసి చూడగా, ఒక ఇరుసు నడుమ, చేతి చెమటతోను నూగుతోను అణగి గట్టిపడిన నల్లని కట్టు ఒకటి, ఉంగరమువలె బిగిసియుండెను; గుండు దానిపై జారుచున్నదే గాని ఇరుసును త్రిప్పుట లేదు. మునీంగారు బ్లేడు అందీయబోగా అతడు వలదని, గోటితో ఇరుసును మెల్లగా త్రిప్పుచు, అగ్గిపుల్లతో ఆ కట్టును ఒకచోట త్రెంచి, చుట్టువిప్పి బయటికి లాగెను. పిమ్మట స్పిరిటుతో తుడుచుటకు మునీంగారు సిద్ధముగా నుంచినది ఏమి? దూదియే! “దూదితోనే గదా మామా వచ్చింది తిప్పలు” అని నవ్వి, అతడు పాత ధోవతిగుడ్డ ముక్క అడిగి పుచ్చుకొనెను. గుండును ఉత్తనీట కడిగి, ఆరబెట్టి లోపల వేయగానే బాణము తెర అడుగుదాక సరసర దిగిపోయినది.

2008లో సిక్కుల గురుతా గద్దీ (గురుపీఠ) త్రిశతాబ్ది ఉత్సవములకు ఊరెల్ల రోడ్లు వెడల్పు చేయించుకొనిన కాలమున, మా సేఠు తన గదికి అద్దపు బల్లయు, గుండు లేని ఎఱ్ఱదీపపు మౌసును తెప్పించెను. నేల రూపును క్షణక్షణము చిత్రించి నడక గ్రహించుట దాని విద్య; నిర్మలమైన అద్దముపై చిత్రించుటకు ఏమియు లేక అది పిచ్చిపట్టినట్లు గెంతులు వేసినది. నాకు లోలోన సంతోషము కలుగలేదని చెప్పజాలను. అయినను బిల్లుబుక్కు అట్ట ఒకటి క్రింద వేయగానే అది నాకన్న నున్నగా నడచినది, దాని కడుపునకు నూగు బాధయు లేదు.

నా ప్రస్తుతవ్యాధి వేరు. ఎడమమీట క్రింది రేకు అలసి, ఒక్కసారి నొక్కిన రెండుసార్లు పలుకుచున్నది. ఒకే బండికి రెండు తూకంచీటీలు అచ్చగుటతో రైతు మురిసెను, సేఠు అరచెను. ఇది తుడిచిన పోవునది కాదు. మేనల్లుడు ఫోనులో చెప్పగా, మునీంగారు కంట్రోల్ ప్యానెలు తెరచి ఎడమమీట అధికారమును కుడిమీటకు బదిలీ చేసిరి. క్రొత్తవారెవరైన వచ్చి అలవాటుచొప్పున ఎడమమీట నొక్కి, అనుకొననిదేదో తెరచుకొనగా తెల్లబోయినప్పుడు, మునీంగారు ఖాతానుండి తల యెత్తకయే, “కుడిది ఒత్తుండ్రి. ఎడమదానికి పింఛన్ అయ్యింది” అని చెప్పుచుందురు.