ఇంటిపేరు మిరియానిది

నన్ను మిరపకాయ అంటారు. ఆ పేరు నాది కాదు, మిరియానిది. నేను రాకముందు తెలుగువాళ్లు ఘాటుకు మిరియాన్నే నమ్ముకున్నారు. నేను వచ్చాక పాతదాని పేరే నాకూ తగిలించారు. మిరియాల దేశం వెతుక్కుంటూ 1492లో ఓడెక్కిన కొలంబస్ కూడా అవతలి ఒడ్డున నన్ను చూసి మిరియంతోనే పోల్చాడు. నా పుట్టిల్లు మెక్సికో. గోవా తీరానికి నన్ను తెచ్చింది పోర్చుగీసు వర్తకులు. అంటే అంతకు ఎప్పుడో ముందటి పల్నాటి బ్రహ్మనాయుడి చాపకూడులో నేను లేను. శ్రీనాథుడు పల్నాటి జొన్నకూడును చాటువుల్లో ఎత్తిపొడిచాడంటారే, ఆ జొన్నల పక్కనా లేను. అలాంటి నేను పల్నాటి రెంటచింతల కళ్లం మీద ఎర్రగా పరుచుకుని ఇది నా ఊరు అనవచ్చా? అనవచ్చనే నా వాదన. తిండి ఏ ఊరిదో తేల్చేది విత్తనం పుట్టిన చోటు కాదు, దాన్ని పండించి వండుకున్న చేతులు.

అమెరికానే చూడండి. నన్నూ గొడ్డుమాంసాన్నీ కలిపి ఉడికించే ‘చిలీ’ని టెక్సస్ 1977లో తన అధికారిక వంటకంగా ప్రకటించుకుంది. అందులోని పశువులు స్పెయిన్ వాళ్లు తోలుకొచ్చినవి, జీలకర్ర అట్లాంటిక్ దాటి వచ్చింది. అయినా అది టెక్సస్ వంటే. మరి పల్నాడుకు వేరే న్యాయమా? బజ్జీ చేయడం చూడండి: పొడవాటి కాయకు నిలువునా గాటు పెట్టి, వామూ చింతపండు గుజ్జూ కూరి, జారుగా కలిపిన శనగపిండిలో ముంచి మూకుట్లో వదులుతారు. వేగాక చీల్చి, ఉల్లిపాయ ముక్కలు పెట్టి, నిమ్మకాయ పిండుతారు. మెక్సికోలోనూ నన్ను కూరి వేయిస్తారు కదా అంటారేమో. నిజమే, అక్కడ లోపల జున్ను, పైన గుడ్డుసొన. శనగపిండీ వామూ ఇక్కడి ఆలోచన. (బజ్జీకి పనికొచ్చేది నా దాయాది, కారం తక్కువ కాయ. కళ్లం మీది నన్ను అలా కొరికితే తెలుస్తుంది.)

ఎండకు పేరుమోసిన రెంటచింతలలో పైగా కారమెందుకన్న ప్రశ్నలో పస ఉంది. నాలోని కాప్సైసిన్‌కూ, దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడికీ నాలుక మీద స్పందించే గ్రాహకం ఒక్కటే. దాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. వేసవిలో 45 దాటే ఈ ఊరూ నేనూ ఒంటికి చెప్పే కబురు ఒకటేనన్నమాట. చెమట పట్టించి చల్లబరుస్తానని కొందరు నన్ను వెనకేసుకొస్తారు. ఆ సాకు నాకు నచ్చదు, చెమట ఎండే పట్టిస్తుంది. అసలు సంగతి డబ్బు. పప్పూ కూరా లేని పూట ఇంత గొడ్డుకారం, నాలుగు చుక్కల నూనె ఉంటే ముద్ద దిగుతుంది. మిరియం మలబారు తేమకొండల తీగ, ఇక్కడివాళ్లు కొనుక్కోవలసిందే. నేను పెరట్లో కూడా కాస్తాను. మిరియాన్ని నేను గెలిచింది రుచితో కాదు, చవకతో.

గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ పేరులో ఉన్నది గుంటూరు, మెక్సికో కాదు. పల్నాటి కళ్లాల మీద ఎండి, తాలుకాయలు ఏరేశాక, టిక్కీల్లోకెక్కి గుంటూరు యార్డుకు పోతాను. అక్కణ్ణుంచి మళ్లీ ఓడెక్కుతాను, ఈసారి గుంటూరు మిర్చినని చెప్పుకుని.