ఆర్గనైజర్ కావలెను

"కావలెను: విండోస్, ఐఫోన్, ఆండ్రాయిడ్ మూడిట్లోనూ ఒద్దికగా మెలిగే ఆర్గనైజర్. తెలుగు రాయడం వచ్చి ఉండాలి. నెట్ లేనప్పుడు అలగరాదు. ఏటేటా చందా అడగరాదు."

మా బావగారు పేపర్లో ఈ ప్రకటన వేయించలేదు, అంతే తేడా. ఆఫీసువాళ్లిచ్చిన ల్యాప్‌టాప్, కొడుకు అమెరికా నుంచి తెచ్చిన ఐఫోన్, ఆయన సొంతానికి కొనుక్కున్న ట్యాబ్ ఒకదాని మొహం ఒకటి చూడవు. కరెంటు బిల్లు గడువు ఒకదానికి తెలిస్తే మిగతా రెండిటికీ తెలియదు.

యాపిల్‌వారి రిమైండర్స్ ముద్దొస్తుంది. కానీ దానికి మడి, ఆండ్రాయిడ్ గడప తొక్కదు. ట్యాబ్‌లో చూడాలంటే బ్రౌజర్ తెరిచి, పాస్‌వర్డ్ చెప్పుకుని దర్శనం చేసుకోవాలి.

మడీ తడీ లేనివీ ఉన్నాయి. బెర్లిన్‌లో పుట్టిన వండర్‌లిస్ట్ అలాంటిదే. అన్నిచోట్లా నడిచింది, జనం మెచ్చారు. ఆ మెప్పే దాని ప్రాణం మీదికొచ్చింది. 2015లో మైక్రోసాఫ్ట్ కొనేసింది. 2019లో దాన్ని పుట్టించిన క్రిస్టియన్ రేబర్ 'నాకే తిరిగి అమ్మండి' అని బహిరంగంగా అడిగాడు. 2020 మే 6న మూసేశారు. మీ జాబితాలన్నీ మైక్రోసాఫ్ట్ టు డూలోకి మార్చుకోండన్నారు. చేయాల్సిన పనుల జాబితాలో ఇంకో పని చేరింది.

ఎవర్‌నోట్ 2008 నుంచి ఏనుగు బొమ్మ పెట్టుకుని, జ్ఞాపకాలన్నీ మా దగ్గర దాచుకోండని పిలిచింది. 2016లో ఉచితంగా వాడేవాళ్లకు పరికరాలు రెండే అంది. 2023 డిసెంబరుకల్లా 50 నోట్లు, ఒక్క నోట్‌బుక్ చాలంది. ఏనుగు బతికినా వెయ్యి, చచ్చినా వెయ్యి అంటారు మనవాళ్లు. వీళ్లు బతికుండగానే యాభైకి దించారు.

అన్నిటికన్నా ముచ్చటైన కథ చాండ్లర్‌ది. లోటస్ సంస్థ పెట్టిన మిచ్ కేపర్ 2000ల మొదట్లో సొంత డబ్బు పోసి, విండోస్, మ్యాక్, లినక్స్ మూడిట్లోనూ నడిచే ఆర్గనైజర్‌కి కొబ్బరికాయ కొట్టాడు. హేమాహేమీలైన ప్రోగ్రామర్లు చేరారు. ఏళ్ల తరబడి చర్చలు. 2007లో స్కాట్ రోజెన్‌బర్గ్ ఆ ప్రహసనం మీద 'డ్రీమింగ్ ఇన్ కోడ్' అని పుస్తకం రాసి, అచ్చు కూడా వేయించేశాడు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఇంకా వండుతూనే ఉన్నారు. 1.0 దిగేసరికి 2008 ఆగస్టు. అప్పటికే కేపర్ తప్పుకున్నాడు. మన పనులు వేళకు అయ్యేలా చూస్తానని బయల్దేరిన సరుకు అది!

ఇక మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. బావగారి నాన్నగారి తద్దినం మార్గశిర బహుళ పంచమి. యాప్‌లో 'ఏటా' అని నొక్కితే, పోయినేడు ఆ తిథి ఏ ఇంగ్లీషు తేదీన పడిందో అదే తేదీన ప్రతి ఏడూ గంట కొడుతుంది. క్యాలెండర్లు ఒకదాని తేదీలు ఒకటి అందుకునే ఐక్యాలెండర్ ప్రమాణం 1998లో వచ్చింది. చైనా, హీబ్రూ పంచాంగాల పండుగలు ఏటా సరిగ్గా తిరిగొచ్చేలా 2015లో దానికి అదనపు ఏర్పాటు చేశారు. అందులో మన వంతుకు దక్కింది 1957లో ప్రభుత్వం చేపట్టిన జాతీయ శక క్యాలెండర్. దాన్నిండా తేదీలే, తిథి ఒక్కటీ లేదు. విండోస్ అనండి, యాపిల్ అనండి, ఆండ్రాయిడ్ అనండి, తద్దినం దగ్గర మూడూ ఒకేలా తప్పుతాయి. ఇంత చక్కటి ఏకాభిప్రాయం వాటి మధ్య మరెక్కడా చూడలేం.

ఎవరూ కొనలేనిదీ మూసేయలేనిదీ ఒకటుంది. 2006లో జినా ట్రపానీ మొదలెట్టిన టుడూ టెక్స్ట్ పద్ధతి. జాబితా మొత్తం ఒక సాదా టెక్స్ట్ ఫైలు. ఏ సిస్టంలోనైనా తెరుచుకుంటుంది. "రంగూ రుచీ లేదు" అని బావగారు తిప్పికొట్టారు.

ఆయన వినకపోయినా మీరు వినండి. యాప్ ఎంత నచ్చినా సరే, ముందు ఎక్స్‌పోర్ట్ మీట ఎక్కడుందో వెతకండి. తేదీలు ఐక్యాలెండర్ (ఐసీఎస్) ఫైలుగా, జాబితాలు సాదా టెక్స్ట్‌గా బయటికొస్తేనే పెట్టుకోండి. తద్దినాల సంగతి పురోహితుడిగారిని అడగండి. ఆయనకు ఏ ఫోన్ నుంచి చేసినా కలుస్తుంది.