డబ్బున్నవాడే నాన్న

అమెరికాలో కాలేజీ చదువుకి ప్రభుత్వ సాయం కావాలంటే ముందుగా నింపాల్సింది ఫాఫ్సా ఫారం. దాన్ని సులువు చేస్తున్నామంటూ 2020 డిసెంబరులో అక్కడి కాంగ్రెస్ చట్టం చేసింది. ఆ సులువైన ఫారం 2023 అక్టోబరులో రావాల్సింది, డిసెంబరు ఆఖరుకి గానీ దర్శనమివ్వలేదు. ప్రశ్నలు తగ్గిన మాట నిజమే. అమ్మానాన్నలు కలిసున్న ఇంట్లో పని త్వరగానే తెములుతుంది. విడిపోయిన ఇంట్లోనే ఉంది అసలు తమాషా.

పాత పద్ధతిలో పిల్లలు గత 12 నెలల్లో ఎవరి దగ్గర ఎక్కువ ఉంటే వాళ్ల ఆదాయమే లెక్క. ఇప్పుడు ఎవరు ఎక్కువ ఖర్చు పెట్టారో వాళ్లది. తిండి, బట్టలు, కారు వాయిదాలు, పంటి వైద్యం అన్నీ కూడాలి. ఏడాదంతా అమ్మే వండిపెట్టి, జ్వరమొస్తే పక్కన జాగారం చేసినా, నెలనెలా భరణం పంపి పళ్ల క్లిప్పుల బిల్లు కూడా కట్టిన నాన్నదే పైచేయి కావచ్చు. జాగారానికి రసీదు ఎవరిస్తారు? ఖర్చు సరిసమానమైతే, ఆదాయమూ ఆస్తీ ఎవరికి ఎక్కువుంటే వాళ్లు.

లెక్కలోకి వచ్చిన అమ్మ మళ్లీ పెళ్లి చేసుకుందా, ఇంకా రంజుగా ఉంటుంది. పెళ్లయిందా లేదా అనేది ఫారం నింపిన రోజు నాటి సంగతి. ఆదాయం మాత్రం రెండేళ్ల వెనకటిది. 2026-27 చదువుకి 2024 పన్ను లెక్కలు చూస్తారు. 2025 సెప్టెంబరులో పెళ్లి, అక్టోబరులో ఫారం అనుకోండి. ఆ పెళ్లికొడుకు 2024లో ఈ పిల్ల మొహం కూడా చూసి ఉండడు, అయినా ఆనాటి ఆయన జీతం ఈ పిల్ల చదువు లెక్కలో పడుతుంది. ‘నీ పిల్లల ఫీజులతో నాకు సంబంధం లేదు’ అని పెళ్లికి ముందే లాయరు దగ్గర రాయించుకున్నా ఫారం ఖాతరు చెయ్యదు. పైగా ఆయన లాగిన్ అయి సమ్మతి ఇవ్వకపోతే ఫెడరల్ గ్రాంటుకు దారి మూసుకున్నట్టే.

ఖరీదైన ప్రైవేటు కాలేజీలకు ఇదీ చాలదు. కాలేజ్ బోర్డు నడిపే సీఎస్ఎస్ ప్రొఫైల్ కూడా కావాలంటాయి. వాటిలో చాలా కాలేజీలు ఫాఫ్సా వదిలేసిన రెండో మనిషిని, అంటే కన్నతండ్రిని కూడా వెతికి తెమ్మంటాయి. ఆయన విడాకులయ్యాక హైదరాబాదు తిరిగొచ్చి కొత్త సంసారం పెట్టుకున్నా వదలవు. మాటల్లేవు, అడ్రసు తెలీదు అంటే బయటివాళ్ల చేత ఉత్తరం రాయించి మినహాయింపు అడుక్కోవచ్చు. ‘ఉన్నాడు, ఇవ్వనంటున్నాడు’ అంటే మాత్రం మామూలుగా చెల్లదు.

పోనీ, నా కాళ్ల మీద నేను నిలబడతానంటే? 24 ఏళ్లు నిండాలి, లేదా పెళ్లయినా చేసుకోవాలి, సైన్యంలోనైనా చేరాలి, ఇలా కొన్ని షరతులున్నాయి. కన్నవాళ్లు సంతకం పెట్టబోమని మొండికేస్తే, కాలేజీ దయతలిస్తే, మొదటి ఏడాదికి వడ్డీ రాయితీ లేని అప్పు మహా అయితే 5,500 డాలర్లు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న సామెతలో అమ్మ స్థానంలో వాషింగ్టన్ కూర్చుంది.

కోర్టులదీ తలో దారే. విడిపోయిన తల్లిదండ్రుల చేత కాలేజీ ఖర్చు కట్టించవచ్చని న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1982లో అంది. పక్కనున్న పెన్సిల్వేనియాలో అలా కట్టించే చట్టాన్నే అక్కడి సుప్రీంకోర్టు 1995లో కొట్టేసింది. కలిసి కాపురం చేసేవాళ్లకు లేని బాధ్యత వీళ్లకెందుకని దాని వాదన. ఫాఫ్సాకు ఈ రెండు తీర్పులతోనూ పనిలేదు. ఫీజు నాన్నే కట్టాలని విడాకుల డిక్రీలో రాసున్నా, ఆ ఏడాది ఖర్చులో అమ్మది పైచేయి అయితే ఫారం అడిగేది ఆమె జీతమే.