పోగు తెగిన చోటే ముడి వేశాను

రేడియేటర్ మూత ఖరీదు వందల్లో ఉంటుంది. రేడియేటర్ ఖరీదు వేలల్లో ఉంటుంది. ఇంజిన్ హెడ్డు విప్పాల్సి వచ్చిందంటే కూలితో కలిపి పదివేలు దాటుతుంది. వందలతో తీరిపోయే పనిని పదివేలు దాటేదాకా లాక్కుపోయింది నేనే. కారును తప్పుపట్టడానికేం లేదు. నాలాగే చేతిలో నాలుగు డబ్బులు మిగుల్చుకోవాలని చూసేవాళ్ళు మా పేటలో ఇంటికొకరు ఉంటారు. వాళ్ళకైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

సోలాపూర్‌లో 1870ల్లో బట్టల మిల్లులు మొదలయ్యాక తెలంగాణ నుంచి పద్మశాలీల వలస పెరిగింది. కరీంనగర్ దిక్కు నుంచి అట్లా వచ్చినవాళ్ళలో మా తాత ఒకడు. బాపు చేతిమగ్గం విడిచి పవర్‌లూమ్‌కు మారాడు. భవాని పేట్‌లో మా ఇంటిని ఆనుకొని ఉన్న షెడ్డులో నేను జకార్డు చద్దర్లు నేయిస్తున్నాను. మగ్గం ఆగితే నేనే విప్పి, నేనే బిగిస్తాను. చుట్టుపక్కల షెడ్లవాళ్ళూ నన్ను పిలుస్తారు. ఇనుముతో చేసిన ఏ యంత్రమైనా నా చేతికి లొంగుతుందన్న గర్వం అట్లా పెరిగింది. ఈ కథకు మూలం ఆ గర్వమే.

దుకాణాలకు చద్దర్లు చేరవేయడానికి ఒక పాత వ్యాగన్ ఆర్ కొన్నాను. కొంతకాలానికి బానెట్ కింది తెల్లటి సీసాలో కూలెంట్ తగ్గడం మొదలైంది. ఇంజిన్ దగ్గర తియ్యటి వాసన వచ్చేది. రేడియేటర్ అంచున ఆకుపచ్చ చార కట్టేది. లీకేజీ అని నాకూ అర్థమైంది. అయినా అది ఎందుకు మొదలైందని అడగలేదు, ఎంత తక్కువలో ఆపొచ్చన్నదొక్కటే చూశాను.

మొదట నీళ్ళు పోశాను, అదీ బోరు నీళ్ళు. సోలాపూర్‌లో ఉజని డ్యామ్ నీళ్ళు కొన్ని రోజులకోసారి వస్తాయి. వాటిని వంటకూ తాగడానికీ దాచుకుంటాం, మిగతా అన్నిటికీ బోరే. నల్లరాతి నేలలోంచి వచ్చే ఆ నీళ్ళు కాచిన గిన్నెకు తెల్లటి పొర కడుతుందని మా ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. రేడియేటర్ లోపలి గొట్టాలు చాలా సన్నగా ఉంటాయి. గిన్నెకు పట్టే సున్నమే ఆ గొట్టాలకూ పడుతుందని నాకు తట్టలేదు. పైగా నీళ్ళు కలిసేకొద్దీ కూలెంట్ పలచబడుతుంది. తుప్పును ఆపేదీ, మరిగే వేడిని పెంచేదీ ఆ కూలెంటే.

తర్వాత పసుపు పోశాను. లారీ డ్రైవర్లు దారిలో చేసే పాత ఉపాయం ఇది. పసుపు పొడి సన్నటి కంతలో ఇరుక్కొని కాసేపు కారడం ఆపుతుంది, ఊరు చేరేదాకా పనికొస్తుంది. నేను దాన్ని బాగుచేయడమే అనుకున్నాను. పసుపు డబ్బా తీసుకుంటుంటే నా భార్య, “మిస్త్రీకి ఒక్కసారి సూపియ్యరాదు?” అన్నది. “నాకు తెల్వదా?” అన్నాను. కంతను మూసే పొడి మంచి గొట్టాలను కూడా మూస్తుంది. అది నిజంగానే నాకు తెలియదు.

కారడం మళ్ళీ మొదలైతే అంచుకు ఎంసీల్ పట్టించాను. రేడియేటర్ మధ్య భాగం అల్యూమినియం, చివర్ల ట్యాంకులు ప్లాస్టిక్. రెంటి నడుమ రబ్బరు పెట్టి, అల్యూమినియం అంచును పళ్ళలా మడిచి బిగిస్తారు. వేడికి ఇవి రెండూ ఒకే తీరుగా సాగవు. పైన పూసిన ముద్ద ఆ కదలికను ఎంతకాలం ఓర్చుకుంటుంది? అది ఊడిపోయాక పాత సామాన్ల దుకాణంలో మరో బండి నుంచి విప్పిన రేడియేటర్ చవకగా కొన్నాను. నీళ్ళు పోసి చూస్తే కారలేదు. అంతటితో సంతోషించి ఇంటికి తెచ్చి నేనే బిగించాను. పాత పసుపు మిగిలిన ఇంజిన్‌ను కడగలేదు. పాత మూతనే కొత్తగా తెచ్చిన దాని మీద పెట్టాను.

ఎండాకాలంలో అవ్వను తుల్జాపూర్ భవానీ దర్శనానికి తీసుకుపోయాను. ఊరు ఇంకా కొద్ది దూరంలో ఉందనగా ఘాటు ఎక్కుతుంటే వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. ఇంకో మలుపు, ఇంకో మలుపు అనుకుంటూ నడిపాను. చివరికి బానెట్ కింది నుంచి ఆవిరి లేచాక గానీ ఆపలేదు. ఆపాక కూడా ఇంజిన్‌ను చల్లారనివ్వకుండా గుడ్డ చుట్టి మూత తిప్పాను. మరుగుతున్న నీళ్ళు మోచేతిదాకా ఎగజిమ్మాయి. అవ్వ నా పక్కనే నిలబడి ఉంది. ఆమె మీద పడలేదు. దానికి నా జాగ్రత్త కారణం కాదు, ఆమె నిలబడ్డ చోటు అట్లా కలిసొచ్చింది. వేడి ఇంజిన్ మీద మూత తీయకూడదని ఆ మూత మీదే రాసి ఉంటుంది.

బండిని కట్టి లాక్కొచ్చాక చివరికి మా పేట మిస్త్రీ దగ్గరికి పోయాను. వయసులో నాకన్నా చాలా చిన్నవాడు. పానా ముట్టుకోకుండానే అడిగాడు: “అన్నా, పసుపు పోసినవ్, ముద్ద పెట్టినవ్, రేడియేటరే మార్చినవ్. మూత సూసినవా?”

చేతిపంపుకు గడియారం అమర్చిన చిన్న పరికరం తీసి మూతను దానికి బిగించాడు. మూత మీద 0.9 అని ఉంటుంది. లోపలి ఒత్తిడి 0.9 బార్ చేరగానే స్ప్రింగు లేచి దారి ఇవ్వాలని దాని అర్థం. ఆ ఒత్తిడి ఉన్నందుకే 100 డిగ్రీల దగ్గర మరగాల్సిన నీళ్ళు దాదాపు 118 దాకా మరగవు. మూత ఆ ఒత్తిడిని నిలపలేకపోతే నీళ్ళు తొందరగా మరుగుతాయి. అసలు దారే ఇవ్వకపోతే అన్నిటికన్నా బలహీనమైన అతుకు తెగుతుంది. నా మూత బిగుసుకుపోయింది. 0.9 దాటినా లేవలేదు. మొదటి రేడియేటర్ అంచును విప్పింది అదే. రెండోదాని అంచును విప్పిందీ అదే.

అప్పుడు బాపు మాట గుర్తుకొచ్చి తల దించుకున్నాను. నేను మగ్గం నేర్చుకునే రోజుల్లో పడుగు పోగు పదేపదే తెగితే ముడి వేసి నడిపేవాణ్ని. ఆయన మగ్గం ఆపి అనేవాడు: “పోగు ఒక్కతాన్నే తెగుతాందంటే తప్పు పోగుది కాదురా. రీడు సూడు.” చూస్తే, పడుగు పోగులు దూరే దువ్వెనలాంటి ఆ రీడులో ఒక పన్ను గరుకెక్కి ఉండేది. దాన్ని నునుపు చేసేదాకా ఎన్ని ముడులు వేసినా లాభం లేదు. ఈ సంగతి నేను కుర్రవాళ్ళకు నేర్పుతాను కూడా. కారు దగ్గర మాత్రం పోగు తెగిన చోటే ముడి మీద ముడి వేశాను.

ఆయిల్ కడ్డీ తీస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంది. హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్డు వేడికి వంగింది. దాన్ని చదును చేయించాల్సి వచ్చింది. ఆ నెల నూలుకు పెట్టుకున్న డబ్బు దానికే పోయింది, ఒక మగ్గం ఖాళీగా నిలబడింది. దాని మీద పనిచేసే మనిషికి కూలి తగ్గింది. నా మొండితనానికి అతను కూడా మూల్యం చెల్లించాడు. అన్నిటికన్నా నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

ఆ మిస్త్రీ దగ్గర కూర్చొని నేర్చుకున్నది చెబుతాను. కూలెంట్ తగ్గుతుంటే ముందు ఇంజిన్ పూర్తిగా చల్లారాక మూతనూ రేడియేటర్‌నూ ఒత్తిడితో పరీక్ష చేయించాలి. ఒత్తిడి చూపే ముల్లు దిగిపోతుంటే ఎక్కడ కారుతుందో వెతకాలి. గొట్టం మీది క్లిప్పు కావచ్చు, వాటర్ పంపు కింది చిన్న రంధ్రం కావచ్చు, ట్యాంకు అంచు కావచ్చు. బయట ఎక్కడా తడి లేకపోతే ఇంజిన్ లోపల చూడాలి. థర్మోస్టాట్ సుమారు 82 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుందో లేదో వేడినీళ్ళలో వేసి చూడొచ్చు. ఈ పరీక్షలన్నిటి కూలీ నేను కొన్న పాత రేడియేటర్ ధరకు దరిదాపుల్లోకి రాదు.

చవకగా కొనడానికీ ఒక పద్ధతి ఉంది. ఛాసిస్ నంబరు చెప్పి సరైన పార్ట్ నంబరు తీసుకున్నాకే దుకాణానికి పోవాలి. కార్ల కంపెనీ పేరున్న డబ్బాలోనిదే కొనాలని లేదు. వడోదరలోని బాంకో లాంటి రేడియేటర్ తయారీదారులు తమ పేరుతో విడిగానూ అమ్ముతారు, ధర తరచుగా తక్కువగా ఉంటుంది. ఫ్యాను చట్రం, కూలెంట్ సీసా లాంటివి పగుళ్ళు లేకపోతే పాతవైనా పనికొస్తాయి. రేడియేటర్, మూత, గొట్టాలు, థర్మోస్టాట్ మాత్రం కొత్తవే కావాలి. వాటి లోపల ఎంత సున్నం పట్టిందో, రబ్బరు ఎంత ఎండిందో కంటికి కనపడదు. పాత బండ్ల రాగి, ఇత్తడి రేడియేటర్ అయితే మంచి పనివాడు టంకం వేసి ఇంకా కొన్నేళ్ళు నడిపించగలడు. దాన్ని పారేయొద్దు. పోసేటప్పుడు డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలపాలి. తీసిన పాత కూలెంట్‌ను గల్లీ మోరీలో పారబోయొద్దు. దాని తీపికి కుక్కలు నాకుతాయి, పిల్లలు వేలు పెడతారు. అది విషం.

మాది లెక్క చూసుకొని బతికే పేట. బీడీలు చుట్టిన కూలీ, చద్దరు అమ్మిన డబ్బూ కలిపితేనే ఇక్కడ ఇల్లు గడుస్తుంది. అందుకని తక్కువ ఖర్చు చేయాలనుకోవడంలో తప్పు లేదు. జబ్బు తెలియకుండా మందు కొనడం తప్పు. వీధి చివర తెలిసినవాడు ఉండగా, అడిగితే చిన్నబోతాననుకోవడం అంతకన్నా పెద్ద తప్పు. నా కొడుకు ఇప్పుడు మగ్గం పని నేర్చుకుంటున్నాడు. బాపు చెప్పిన మాట చెబుతూ దాని వెనకే ఇంకొకటి కలుపుతున్నాను: రీడు చూడు, నీకు కనపడకపోతే కనపడేవాణ్ని పిలువు.