నేను లిథియం మాత్రను

నాలో ఉన్న లిథియం కార్బొనేట్ 300 మిల్లీగ్రాములు. 1817లో స్వీడన్‌లో ఆర్ఫ్‌వెడ్‌సన్ ఒక ఖనిజంలో మా లోహం జాడ పట్టాడు. ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ 1949లో ఉన్మాదంతో ఊగిపోతున్న పదిమందికి మమ్మల్ని ఇచ్చి, వాళ్లు కుదుటపడ్డ తీరు రాశాడు. అమెరికా 1970లో మమ్మల్ని మందుగా ఒప్పుకుంది. పిల్లల దాకా రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఇవాళ అక్కడ ఏడేళ్లు నిండిన పిల్లల బైపోలార్ జబ్బుకు నాకు అనుమతి ఉంది.

ప్రస్తుతం నేనుండేది ఇంటర్ చదివే ఓ అమ్మాయి మందుల డబ్బాలో. రెండు నెలలు మంచం దిగని పిల్ల ఉన్నట్టుండి వారం రోజులు కన్ను మూయలేదు. అయినా అలుపు లేదు. అర్ధరాత్రి పుస్తకాలన్నీ నేల మీద పరిచి, తనకు కలెక్టరు ఉద్యోగం వచ్చేసిందని ఊపిరి తీసుకోకుండా చెప్పింది. "గాలి సోకిందే, తాయెత్తు కట్టించు" అంది పెద్దమ్మ. తల్లి వినలేదు. పిల్లను సైకియాట్రిస్టుకు చూపించింది. ఆ తల్లికి నేను చేతులెత్తి మొక్కుతాను.

నాతో జాగ్రత్తగా ఉండాలి. మేలు చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం తక్కువ. రక్తంలో నా మట్టం లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీమోళ్ల మధ్య ఉండాలి, 1.5 దాటితే ప్రమాదం. అందుకే రాత్రి ఎనిమిదికి నన్ను మింగితే, పొద్దున ఎనిమిదికి, ఆ పూట మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. థైరాయిడ్, కిడ్నీ పరీక్షలూ తప్పవు. నేను ఉప్పుకు దగ్గరి చుట్టాన్ని. ఒంట్లో ఉప్పూ నీళ్లూ తగ్గితే కిడ్నీలు నన్ను బయటికి పోనివ్వవు. మే నెల ఎండల్లో, వాంతులూ విరేచనాలూ పట్టుకున్నప్పుడు నా మట్టం అలాగే పెరుగుతుంది. ఒంటి నొప్పులకని ఇబుప్రొఫెన్ వేసినా అంతే. చేతులు బాగా వణికి, నడక తూలి, మాట ముద్దగా వస్తుంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

మొండికేసే పిల్లలకల్లా నన్ను మింగించడం అన్యాయం. అమెరికాలో 1990ల మధ్య నుంచి పిల్లలకు బైపోలార్ అనే మాట విచ్చలవిడిగా అంటగట్టారు. ఎప్పుడూ చిరాకుగా ఉండే పిల్లల బాధను విడిగా గుర్తించడానికి 2013లో జబ్బుల జాబితాలో కొత్త వర్గమే పెట్టాల్సి వచ్చింది. వాల్‌ప్రొయేట్ అనే మందునూ నేను చేసే పనికే ఇస్తారు; గర్భంలోని బిడ్డకు అది హాని చేస్తుంది కాబట్టి ఆడపిల్లలకు రాసేముందు డాక్టర్లు ఆచితూచి అడుగేయాలి.

"ఇప్పుడు బాగానే ఉందిగా, ఇంకా మాత్రలెందుకు? అలవాటైపోతే?" అంటున్నాడు తండ్రి. నేను వ్యసనమయ్యే మందును కాను. నన్ను హఠాత్తుగా మానేస్తే మాత్రం జబ్బు మళ్లీ విరుచుకుపడొచ్చు. అయ్యా, అమ్మా, డాక్టరుతో మాట్లాడకుండా నన్ను ఆపకండి. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి.