ఖాళీయేనండి!

ఏలూరులో ప్యాసింజరెక్కి ఎదురు సీట్లో పెద్దాయన్ని పలకరిస్తే దెందులూరు వచ్చేసరికి ఊరూ ఇంటిపేరూ తెలిసిపోతాయి. భీమడోలుకి వియ్యాలవారి వివరాలు బయటికొస్తాయి. పూళ్ళ దాటేలోపు ఎక్కడో ఓ చుట్టరికం కూడా తగులుతుంది. కానీ "తమరేం చేస్తుంటారండీ?" అన్నదానికి మాత్రం తాడేపల్లిగూడెంలో సంచి భుజానేసుకుని దిగిపోయేదాకా తిన్నగా జవాబు రాదు. "ఏముందండీ, ఖాళీయేనండి" అంటాడాయన. అంటూండగానే ఫోను మోగుతుంది. "ఎన్ని టన్నులు దిగింది? ఐసు చాలిందా? బండి కదిలిందా లేదా?" అని గట్టిగా మూడు ప్రశ్నలేసి పెట్టేస్తాడు. పెట్టేశాక మళ్ళీ ఖాళీ.

అమెరికాలో స్టడ్స్ టెర్కెల్ అని ఓ రేడియో మనిషి ఉండేవాడు. టేప్ రికార్డరు పట్టుకుని ఊళ్ళు తిరిగి, బస్సు డ్రైవరు దగ్గర్నుంచి గోతులు తవ్వేవాడిదాకా అందరినీ కూర్చోబెట్టి "రోజంతా ఏం చేస్తావు, చేస్తుంటే నీకెలా ఉంటుంది" అని అడిగాడు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు 1974లో లావుపాటి పుస్తకంగా అచ్చేశాడు. పేరు 'వర్కింగ్'. అక్కడివాళ్ళు అడగ్గానే గుండె విప్పేశారు కాబట్టి ఆయన పని నడిచింది. అదే కైకలూరు సెంటర్లో టీకొట్టు ముందు రికార్డరు పెట్టి ఉంటే టేపులన్నిటి నిండా "ఏదో ఉందండి", "అలా నడిచిపోతందండి", "మన్దేవుందండీ" తప్ప ఇంకేం దొరికేది కాదు. టీ డబ్బులు మాత్రం వాళ్ళే ఇచ్చేవారు.

దిష్టి భయమో, ఇన్‌కంటాక్సు భయమో, అప్పు అడుగుతారన్న భయమో గానీ, ఈ ప్రాంతంలో మనిషి ఎంత పెద్దవాడైతే జవాబు అంత చిన్నది. నలభై ఎకరాల ఆసామి "కాస్త వ్యవసాయం ఉందండి" అంటాడు. రైసుమిల్లు యజమాని "మిల్లు దగ్గర కూర్చుంటానండి" అంటాడు. వింటే జీతానికేమో అనిపిస్తుంది.

కొల్లేరు వైపు అయితే అన్నిటికీ ఒకే మాట: "చెరువులండి." ఆ మాట పక్కన ఏ క్రియ చేరిందో చూసుకోవాలి. "చెరువులున్నాయండి" అంటే సొంతం. "చెరువులు చేత్తన్నాడండి" అంటే లీజు. "చెరువుల మీదుంటాడండి" అంటే జీతం. "చెరువులు చేశాడండి" అని భూతకాలంలో చెబితే అక్కడితో ఆపేసి వాతావరణం గురించి మాట్లాడటం మర్యాద.

ఆ చెరువు మీదుండే మనిషి పని దగ్గరగా చూస్తేగానీ అర్థం కాదు. తెల్లారగానే పడవలో తవుడు బస్తాలేసుకుని బయల్దేరతాడు. ఇది ఇంట్లో గేదెకి పెట్టే తవుడు కాదు, నూనె తీసేసిన తవుడు. ప్లాస్టిక్ సంచుల అడుగున వరసగా చిల్లులు పొడిచి, అందులో తవుడూ కాస్త చెక్కపిండీ నింపి, నీళ్ళలో పాతిన కర్రలకి కడతాడు. బొచ్చె, రాగండి వచ్చి ఆ చిల్లులకి మూతులు పెట్టి లాక్కుతింటాయి. సంచి చుట్టూ నీళ్ళు కుతకుతలాడతాయి. రెండు మూడు గంటల్లో సంచి ఖాళీ కావాలి. కాకపోతే చేపకి ఒంట్లో బాగోలేదన్నమాట. అప్పుడాయన ముఖం కూడా బాగోదు. మేత నీళ్ళపాలు కాకుండా ఆదా చేసే ఈ పద్ధతి ఏ విశ్వవిద్యాలయమూ నేర్పింది కాదు, ఇక్కడి రైతులు చేసి చూసి కుదుర్చుకున్నది. తర్వాత శాస్త్రవేత్తలు వచ్చి చూసి, ఫొటోలు తీసి, వ్యాసాలు రాశారు. వ్యాసంలో పేరు పక్కన రాయడానికి "మీరేం చేస్తారు?" అని అడిగి ఉంటే జవాబు "సంచులు కడతానండి" అనే వచ్చి ఉంటుంది.

నిజానికి కొల్లేరులో మనిషి వృత్తి అతను తేల్చేది కాదు. సర్కారూ తుపానూ కూర్చుని తేల్చేది. పూర్వం ఇక్కడి జాలరులైన వడ్డివాళ్ళు దోనెలేసుకుని, చేపలు పట్టే మావులు పెట్టుకుని కొర్రమీను, మట్టగిడస, ఇంగిలాయి పట్టేవాళ్ళు. ఎండాకాలం నీళ్ళు లాగేస్తే అదే నేలలో వరి వేసేవాళ్ళు. అంటే ఏడాదిలో కొన్ని నెలలు బెస్త, కొన్ని నెలలు రైతు. 1969 తుపానూ తర్వాతి వరదలూ ఆ వరిని ముంచాయి. 1976లో ప్రభుత్వం మత్స్యకార సొసైటీలు పెట్టి చేపల చెరువులు తవ్వించింది. దాంతో దోనెవాడు సొసైటీ సభ్యుడయ్యాడు. తర్వాత బయట ఊళ్ళనుంచి డబ్బున్నవాళ్ళు వచ్చి ఆ చెరువుల్ని లీజుకి పుచ్చుకున్నారు. అప్పుడు పుట్టిందీ జవాబు: "చెరువు మాదేనండి, కాపలా ఉంటున్నాను."

అక్కడితో అయిందా? 1999లో అయిదో కాంటూరుదాకా, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తుదాకా ఉన్న 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోనూ చేరింది. 2006లో పొక్లెయిన్లు దిగి చెరువు గట్లని తెగ్గొట్టాయి. దాంతో అయిదడుగులకి ఒక అంగుళం పైనున్నవాడు ఆక్వా రైతు, ఒక అంగుళం కింద ఉన్నవాడు ఆక్రమణదారు. మనిషి ఏం చేస్తాడో తెలుసుకోవడానికి లెవెలింగు పరికరం పట్టుకుని సర్వేయరు రావలసిన చోటు భూమ్మీద ఇంకోటి ఉందేమో వెతకాలి. అటపాకలో గూళ్ళు కట్టుకునే గూడబాతులకి ఈ తంటా లేదు. కాంటూరుకి పైనా కిందా కూడా వాటి వృత్తి చేపలు పట్టడమే, లైసెన్సు కూడా అక్కర్లేదు.

పిల్లాడి వృత్తి చెప్పుకోలేక ఇబ్బంది పడిన ఇళ్ళు ఈ చుట్టుపక్కల ముందునుంచీ ఉన్నాయి. ఏలూరు దగ్గర సోమవరప్పాడు కుర్రాడొకడు 1930 ప్రాంతంలో బొంబాయి వెళ్ళాడు. స్టూడియోల్లో పైపనులు చేశాడు, ఓ సినిమా హాల్లో గేటు దగ్గర నిలబడ్డాడు. అదే మనిషి 1931లో 'ఆలం ఆరా'లో, 'కాళిదాస్'లో, తర్వాత 'భక్త ప్రహ్లాద'లో కనిపించాడు. హిందీ, తమిళ, తెలుగు తొలి టాకీలు మూడిట్లోనూ వేషం వేసిన ఎల్.వి.ప్రసాద్ ఆయనే. 1982కి ఫాల్కే అవార్డు ఇచ్చారు గానీ, 31లో ఊళ్ళో ఎవరైనా "మీవాడేం చేస్తున్నాడు?" అనడిగి ఉంటే ఇంట్లోవాళ్ళు ఏం చెప్పి ఉండేవారు? "గేటు దగ్గర" అనా, "బొమ్మలో" అనా? సంబంధాలవాళ్ళ ముందు రెండూ ప్రమాదమే. నూజివీడులో పుట్టిన ఎస్.వి.రంగారావు నయం, గవర్నమెంటు కొలువు: ఫైర్ ఆఫీసరు. మంటలార్పే ఉద్యోగం వదిలేసి వెళ్ళి, 1957లో 'మాయాబజార్' ఘటోత్కచుడై లడ్లు మింగాడు.

తాడేపల్లిగూడెంలో స్థిరపడిన రేలంగిది ఇంకో దారి. నవ్వించడం ఆయన వృత్తి, దానికి 1970లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. కానీ గూడెంలో సొంతంగా 'రేలంగి చిత్రమందిర్' కట్టుకున్నాడు. నవ్విస్తానంటే నమ్మనివాళ్ళు కూడా సినిమా హాలుందంటే నమ్ముతారు.

ఇప్పటి సంబంధాలవాళ్ళకి "సాఫ్ట్‌వేరు" అనే ఒక్క మాట సరిపోతోంది. తర్వాతి ప్రశ్న అడిగేవాడికీ రాదు, చెప్పేవాడికీ రాదు. కాకపోతే కరోనా రోజుల్లో కుర్రాళ్ళు ఇళ్ళకొచ్చి మిద్దె మీద లాప్‌టాప్ పెట్టుకు కూర్చునేసరికి కొన్ని ఊళ్ళల్లో వాళ్ళ ఉద్యోగాలు పోయాయనే స్థిరపడిపోయింది. పగలంతా పడుకుని, రాత్రి అమెరికావాళ్ళతో మాట్లాడేవాడి కంటే చెరువు గట్టు మీద టార్చిలైటుతో తిరిగే కాపలామనిషిదే కళ్ళకు కనపడే కొలువు.

ఇక అసలు జవాబే లేనివాళ్ళు ఆడవాళ్ళు. గూడెం ఉల్లి మార్కెట్టుకి కర్నూలు నుంచీ మహారాష్ట్ర నుంచీ లారీలొస్తాయి. దింపేవాడు హమాలీ, పాడేవాడు వ్యాపారి, నడుమ ఉన్నవాడు కమీషను. గుట్ట ముందు పొద్దుటినుంచీ కూర్చుని కుళ్ళినవీ మొలకొచ్చినవీ ఏరి పక్కన పడేసే ఆవిడ ఎవరంటే, "ఊరికే, ఏరతానండి." కొల్లేటి లంకల్లో చీకటితో లేచి, చేపలు పాడుకుని, బేసిన్లో ఐసు ముక్కలేసి ఆటో ఎక్కి, ఏలూరులో వీధి వీధీ తిరిగి అమ్మి, మధ్యాహ్నానికి లెక్క చూసుకునే ఆవిడ గురించి మొగుణ్ణి అడగండి. "మా ఆడోళ్ళు ఇంట్లోనే ఉంటారండి, ఏం చెయ్యరు" అని గర్వంగా చెబుతాడు. ఆయన ఏం చేస్తాడో మాత్రం అడక్కండి. ఖాళీ.

జనాభా లెక్కలవాళ్ళకి ఇదంతా ప్రాణసంకటం. 2011 లెక్కల్లో ఏడాదిలో ఆర్నెల్లు పనిచేస్తే ప్రధాన శ్రామికులన్నారు, అంతకు తగ్గితే ఉపాంత శ్రామికులు. వడ్డివాడి ఏడాదిని ఆ ఆర్నెల్ల గీతకి ఎటువైపు వెయ్యాలో రాసేవాడికే తెలియాలి. మళ్ళీ లెక్కలు 2027 మార్చి ఒకటో తేదీ నాటికి తీస్తామని ప్రభుత్వం ప్రకటించింది. లంకల్లోకి రాబోయే లెక్కల మనిషి మామూలుగా బడి మాస్టారే అయి ఉంటాడు. అరుగు మీద కూర్చుని, సెల్‌ఫోను తీసి, "ఏం చేస్తుంటారండీ?" అంటాడు.

"ఖాళీయేనండి. మరి తమరో?"

"పిల్లలకి పాఠాలు చెబుతానండి."

"ఎప్పుడండీ?"